అడ్మిన్‌కు ఎదురులేకుండా: కొత్తగా పదవిలోకొచ్చినవారికి తొమ్మిది చిట్కాలు

అసోసియేషన్ ఎన్నికలు ముగిశాయి. పాత సెక్రటరీగారు చెక్కుబుక్కు, లిఫ్టు ఏఎంసీ కాగితాలు, జనరేటర్ గది తాళం మీకప్పగించి, ఆఖర్న మిమ్మల్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌ను చేశారు. మొదటి మూడింటికీ ఏడాదికోసారి జనరల్ బాడీలో లెక్క చెప్పాలి. నాలుగోదానికి అక్కర్లేదు. కాబట్టి అసలైన పదవి ఏదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

కాకపోతే ప్రతి గ్రూపులోనూ ఒక 402 గారు ఉంటారు. "నా మెసేజ్ ఎందుకు తీసేశారండీ?" అని నూట ఇరవై కుటుంబాలూ చూస్తుండగా అడుగుతారు. ఈ అలవాటును మొగ్గలోనే తుంచకపోతే రేపు 205 గారు అడుగుతారు, ఎల్లుండి అద్దెకున్నవాళ్లు కూడా అడుగుతారు. కాలనీ గ్రూపుల్లో, పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో, విదేశాల్లోని తెలుగు సంఘాల గ్రూపుల్లో ఎందరో అడ్మిన్‌లు వాడి చూసిన మార్గాలివి. శ్రద్ధగా పాటించండి.

1. రూల్సు రాసిపెట్టకండి

రాసిన రూలు రెండు వైపులా పనిచేస్తుంది. "రాజకీయాలు వద్దు" అని డిస్క్రిప్షన్‌లో రాశారనుకోండి, మీ బావగారి పార్టీ మీటింగు ఫొటో మీరు పెట్టిన రోజున 402 గారు ఆ రూలును మీ మీదకే తెస్తారు. అందుకే రూలు ఎప్పుడూ మనసులో ఉండాలి. మరీ ఒత్తిడి చేస్తే "గ్రూపు గౌరవానికి భంగం కలిగించే మెసేజ్‌లు తొలగించబడును" అని ఒక్క వాక్యం రాయండి. గౌరవం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పకండి. పొద్దున్నే గులాబీలతో మీరు పంపే శుభోదయం ఫార్వర్డు కాదు, సమాచారం. మిగతావాళ్లది ఫార్వర్డు.

2. తీసేయండి, కారణం చెప్పకండి

రాత్రి తొమ్మిదింటికి 402 గారు ఒక మెసేజ్ పెట్టారు: "మార్చిలో నీళ్ల ట్యాంకర్లకు 84,000 అయిందన్నారు. రసీదులు గ్రూపులో పెట్టగలరా?" మీరు వెంటనే తీసేశారు. 2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరి ఫోన్లలోంచీ తీసేయొచ్చు, అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా వాట్సాప్ కంపెనీవాళ్లు పెట్టిన ఒక వెధవ ఏర్పాటుతో వచ్చింది. మెసేజ్ ఉన్న చోట, అడ్మిన్ ఫలానావారు దీన్ని తొలగించారని మీ పేరుతో సహా బూడిదరంగులో ఒక వాక్యం మిగులుతుంది.

తొమ్మిదీ పదికి 205 మేడమ్ "ఏముంది అందులో?" అంటారు. 310 సార్ "నేను చూశాను, ట్యాంకర్ల బిల్లు గురించి" అంటారు. తొమ్మిదిన్నరకు, ఇన్నేళ్లలో ఒక్క బిల్లూ చదవని 108 గారు ఫిబ్రవరి బిల్లు తీసి మార్చి బిల్లు పక్కన పెడతారు. ముట్టుకోకుండా ఉంటే ఆ ప్రశ్న పొద్దున అరటిపళ్ల ఆటో మెసేజ్ కింద, గేటుకడ్డంగా పెట్టిన కారు ఫొటో కింద కొట్టుకుపోయేది. మీరు తీసేయడంవల్ల నూట ఇరవై ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర చర్చకొచ్చింది. అయినా కంగారుపడకండి. ఇప్పుడు కారణం చెబితే లొంగినట్టవుతుంది. మౌనంగా ఉండండి.

పెద్ద కంపెనీల గతి చూస్తే మీరెంత అదృష్టవంతులో తెలుస్తుంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం దేశంలో 50 లక్షలకు పైగా వాడకందారులున్న సోషల్ మీడియా కంపెనీ, తన నిబంధనల ప్రకారం ఎవరి పోస్టైనా తనంతట తాను తొలగిస్తే కారణం చెప్పాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. ఆ జవాబు నచ్చనివాళ్లు కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పాటుచేసిన అప్పిలేట్ కమిటీల దగ్గరికి 30 రోజుల్లోగా వెళ్లొచ్చు. కోట్లమందితో వేగే కంపెనీలకు ఈ బాదరబందీ అంతా ఉంది. నూట ఇరవై ఫ్లాట్ల అడ్మిన్‌కు ఇందులో ఒక్కటీ వర్తించదు. ఆ కంపెనీల అధిపతులకు లేని స్వేచ్ఛ మీకుంది. దాన్ని వృథా చేసుకోకండి.

3. "ఏదున్నా నాకు పర్సనల్‌గా పెట్టండి"

ఈ ఒక్క వాక్యం వచ్చినవాడు సగం అడ్మిన్. వినేవాళ్లకు మర్యాదగా ఉంటుంది, పని మాత్రం కత్తిలా చేస్తుంది. పర్సనల్‌గా అడిగిన ప్రతివాళ్లూ ఆ అనుమానం తమ ఒక్కరికే వచ్చిందనుకుంటారు. పదిమందికి అదే ప్రశ్న ఉందని పదిమందికీ తెలియదు. పైగా ఎవరికి తగ్గ జవాబు వారికివ్వొచ్చు. 304 గారికి "కమిటీ నిర్ణయమండీ, నా చేతిలో ఏముంది" అనండి. 501 గారికి "నాకైతే పెట్టాలనే ఉంది, ప్రెసిడెంట్‌గారే వద్దన్నారు" అనండి. ప్రెసిడెంట్‌గారికి "ఎవరూ అడగడం లేదు సార్" అనండి. ఈ ముగ్గురూ లిఫ్టులో కలవకుండా చూసుకోవడమొక్కటే మీ బాధ్యత.

నిజంగానే ప్రైవేటుగా ఉంచాల్సినవి కొన్ని ఉంటాయి. రాత్రిపూట ఎవరో అదేపనిగా మెసేజ్‌లు పెడుతున్నారని ఒకావిడ చేసిన ఫిర్యాదు, ఉద్యోగం పోయి మూడు నెలలుగా మెయింటెనెన్స్ కట్టలేకపోతున్నవారి పేరు లాంటివి. వీటిని మాత్రం గ్రూపులో పెట్టండి. బకాయిదారుల జాబితా ఎర్ర రంగు గడులతో పెడితే మరీ మంచిది. పారదర్శకత కావాలని అడిగింది వాళ్లే కదా.

4. ప్రశ్నను అవమానంగా మార్చండి

రసీదు అడిగితే రసీదు గురించి మాట్లాడకూడదు. "అంటే నేను డబ్బు తిన్నాననా మీ ఉద్దేశం?" అని మొదలుపెట్టండి. ఆ మాట ఆయన అనలేదు, కానీ ఇకమీదట చర్చ దాని గురించే జరుగుతుంది. తర్వాత సేవ గురించి చెప్పండి. తెల్లవారుజామున ఐదింటికి లేచి ట్యాంకర్‌వాడికి ఫోన్ చేసేది మీరు. లిఫ్టు ఆగితే మెకానిక్ కోసం గేటు దగ్గర నిలబడేది మీరు. దీనికి మీకు పైసా జీతం లేదు. ఇవన్నీ నిజాలే కాబట్టి ఎవరూ కాదనలేరు. రసీదు ఎక్కడుందన్న సంగతి వీటి చాటున సర్దుకుంటుంది.

ఆపైన మీ మనుషులు ఉండనే ఉన్నారు. "సార్ ఎంత కష్టపడుతున్నారో కళ్లు లేవా?" అని ఒకరు, దండం పెట్టే బొమ్మలు ఆరు పక్కపక్కన పెట్టి ఇంకొకరు వస్తారు. ఎవరో ఒక చమత్కారి "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు" అని సామెత వేస్తాడు. ఆయన ఫ్లాట్ నంబరు రాసిపెట్టుకోండి, ఏడో చిట్కాలో పనికొస్తారు.

5. తీర్పూ మీదే, అప్పీలూ మీ దగ్గరికే

వేరే బ్లాకులోంచి ఇంకో అడ్మిన్‌ను పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. ఒకరు తీసేసింది సరైనదో కాదో రెండోవారు చూస్తారట. అంటే మీ మీద ఇంకొకరు కూర్చుంటారన్నమాట. తప్పనిసరైతే మీ బావమరిదిని పెట్టుకోండి.

ఈ విషయంలో తెలుగు వికీపీడియా చెడ్డ ఉదాహరణ. అక్కడ నిర్వాహకులను సభ్యులు బహిరంగంగా చర్చించి ఎన్నుకుంటారు. ప్రతి వ్యాసానికీ పక్కనే చర్చ పేజీ ఉంటుంది. ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో చరిత్రలో ఉంటుంది. నిర్వాహకులు ఏ పేజీ తొలగించినా చిట్టాలోకి ఎక్కుతుంది, దాన్ని ఎవరైనా తెరిచి చూడొచ్చు. నిర్ణయం నచ్చకపోతే రచ్చబండ అనే పేజీలో అందరి ముందూ అడగొచ్చు. నిర్వాహకుడికి ఇంతకన్నా నరకం ఉంటుందా? 2003లో మొదలైన ఆ వ్యవహారం ఇప్పటికీ జీతం లేని మనుషులతోనే నడుస్తోంది. అది కేవలం కాకతాళీయం.

6. గొంతులన్నీ ఒకేసారి నొక్కేయండి

2018 నుంచి వాట్సాప్‌లో అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చుకునే సౌకర్యం ఉంది. రేపు ట్యాంకు కడుగుతారు, నీళ్లు పట్టుకోండి అని చెప్పేందుకు అది చక్కటి ఏర్పాటు. మీరు దాన్ని ట్యాంకర్ల రసీదు అడిగిన మర్నాడే వాడండి, "గ్రూపులో ప్రశాంతత కోసం" అని రాయండి. ప్రశాంతత వెంటనే వస్తుంది. ఎవరూ ఏమీ అనడం లేదంటే అందరూ ఒప్పుకున్నట్టే.

వారం తిరక్కుండా "ఓనర్స్ ఓన్లీ" అని ఇంకో గ్రూపు పుడుతుంది. అందులో మీరుండరు కాబట్టి మీకు బాధ లేదు. అక్కడ 84,000 ముందు లక్షన్నర అవుతుంది, వారాంతానికి "నాలుగు లక్షలట" అవుతుంది. మీ గ్రూపులో ఆ మాట చివర ప్రశ్నార్థకం ఉండేది, అక్కడ ఫుల్‌స్టాప్ ఉంటుంది. జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ గ్రూపులో లేరు. మీ బీరువాలో ఉన్న రసీదులు నిజమైనవే అయినా ఇప్పుడు చూపించకండి. ఇంత జరిగాక చూపిస్తే "ఇప్పుడు తయారుచేశారు" అంటారు, కష్టపడి అక్కడిదాకా తెచ్చుకున్నది మీరే.

7. మిగిలినవాళ్లను తొలగించండి

402 గారినీ, సామెత చెప్పినాయననూ గ్రూపులోంచి తీసేయండి. మంగళవారం పొద్దున ఆరు నుంచి పది దాకా నీళ్లు రావన్న సంగతి వాళ్లకు తెలియదు. సబ్బు రాసుకున్నాక తెలుస్తుంది. గ్రూపులో మాట్లాడే హక్కు పోవడం వేరు, ఇంట్లోకి నీళ్లెప్పుడొస్తాయో తెలుసుకునే హక్కు పోవడం వేరని ఎవరైనా అంటే, అదంతా ఫిలాసఫీ అనండి.

ఇలా రెండు తలలు తెగాక కొందరు తమంతట తామే వెళ్లిపోతారు. 2022లో వచ్చిన మార్పువల్ల ఎవరైనా గ్రూపు వదిలివెళ్తే ఆ నోటీసు అడ్మిన్‌లకే వెళ్తుంది, మిగతావారి తెరమీద గోల ఉండదు. మీకు తెలిసిన సంగతి మీలోనే ఉంచుకోండి.

8. చరిత్ర చదవకండి

చదివితే చేతులు వణుకుతాయి. ఉదాహరణకు, 1990లో అమెరికాలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన లాంబ్డామూ. బొమ్మలేం లేవు, అక్షరాలతోనే ఒక ఇల్లు, అందులో వేలమంది పాత్రధారులు. అడ్మిన్‌లను విజర్డ్‌లనేవారు. 1992 చివర్లో విజర్డ్‌లు, మేం యంత్రం సంగతి చూసుకుంటాం, మీ తగాదాలు మీరే తీర్చుకోండని తప్పుకున్నారు. మరుసటేడు ఒక సభ్యుడు నలుగురు చూస్తుండగా ఇతరుల పాత్రలమీద లైంగిక హింస రాతలు రాశాడు. సభ్యులు గంటలకొద్దీ చర్చించారు, తేల్చలేకపోయారు. చివరికి ఒక విజర్డ్ ఎవరికీ చెప్పకుండా తనంతట తానే అతన్ని తీసేశాడు. ఆ తర్వాతే కర్టిస్ పిటిషన్లు, ఓటింగు తెచ్చాడు. అదీ సాఫీగా సాగలేదు. 1996లో విజర్డ్‌లు, పూర్తిగా తప్పుకోవడం కుదరదని ఒప్పుకుని నిర్ణయాలు మళ్లీ తమ చేతుల్లోకి తీసుకున్నారు. నిర్ణయించే మనిషీ కావాలి, ఆ మనిషిని అడిగే చోటూ కావాలి, ఏ ఒక్కటి తీసేసినా నడవదని దీన్నుంచి కొందరు గ్రహించారు. మీరు గ్రహించకండి.

మీ ఫ్లాట్లలో సగంమంది సాఫ్ట్‌వేర్ పిల్లలు రోజూ వాడే స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ ఉంది. అక్కడ మోడరేటర్ల నిర్ణయాలతో సహా సైటు నడిచే తీరును చర్చించడానికి మెటా అని వేరే చోటు పెట్టారు. 2019లో ఆ కంపెనీ జీతం లేకుండా పనిచేసే ఒక మోడరేటర్‌ను సరైన సంజాయిషీ లేకుండా తొలగించింది. తోటి మోడరేటర్లు చాలామంది బాధ్యతలు వదిలేశారు. ఆ ఏడాది డిసెంబరులో ఇరుపక్షాలూ రాజీకొచ్చాయి.

అదే 2019 జూన్‌లో వికీమీడియా ఫౌండేషన్ ఇంగ్లీషు వికీపీడియాలో ఒక నిర్వాహకుడిని ఏడాదిపాటు నిషేధించింది. ఫిర్యాదు గోప్యమంది, అక్కడి మధ్యవర్తిత్వ సంఘానికి వదలకుండా తానే తీర్పిచ్చింది. గోప్యత అవసరమైన ఫిర్యాదులుంటాయని అందరికీ తెలుసు. అయినా నిర్వాహకులు వరసగా రాజీనామాలు చేశారు. సెప్టెంబరులో ఆ మధ్యవర్తిత్వ సంఘమే విచారించి నిషేధాన్ని రద్దు చేసింది, కానీ నిర్వాహక హోదా మాత్రం తిరిగివ్వలేదు. ఫిర్యాదుదారు పేరు దాచొచ్చు, విచారించే వ్యవస్థను దాచకూడదనే నీతి ఇందులో ఉందంటారు. ఇవన్నీ విదేశీ వ్యవహారాలు. మన కాలనీకి పనికిరావు.

9. జైలు పేరు చెప్పి భయపెట్టండి

అన్నీ అయిపోయాక ఇదే బ్రహ్మాస్త్రం. "గ్రూపులో ఎవరు ఏం పెట్టినా పోలీసులు పట్టుకెళ్లేది అడ్మిన్‌నే, అందుకే తీసేస్తున్నాను" అనండి. అందరూ జాలిపడతారు.

కోర్టులు మాత్రం మీకు సహకరించడం లేదు. సభ్యుడి రాతకు అడ్మిన్‌ను పరువునష్టం కింద బాధ్యుణ్ణి చేయడమంటే, పత్రికలో వార్తకు న్యూస్‌ప్రింట్ తయారుచేసినవాణ్ణి బాధ్యుణ్ణి చేయడమేనని 2016లో ఢిల్లీ హైకోర్టు అంది. ముందే కూడబలుక్కున్నారని తేలితే తప్ప సభ్యుడి మెసేజ్‌కు అడ్మిన్‌ను శిక్షించలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం అంది. 2022లో కేరళ హైకోర్టు కూడా ఆ మాటే చెబుతూ, అడ్మిన్‌కూ సభ్యులకూ మధ్య యజమాని, నౌకరు సంబంధం లేదని తేల్చింది. ఈ చివరి వాక్యం మీ సభ్యుల కంటపడకూడదు. ఎవరైనా గ్రూపులో పెడితే ఫార్వర్డని తీసేయండి.

సభ్యులకూ నాలుగు ముక్కలు

అడ్మిన్‌ను ఓడించాలంటే ముందు మీ ప్రశ్నను మీరే చంపుకోవాలి. రాత్రి పన్నెండింటికి అడగండి. రసీదుతో మొదలుపెట్టి ఆయన ఊరు, కులం, కొత్తగా కొన్న కారు దాకా వెళ్లండి. ఒకసారి జవాబిచ్చినా రోజూ పొద్దున అదే ప్రశ్న కొత్త మాటల్లో వేయండి. స్క్రీన్‌షాట్లు తీసి మేనమామల గ్రూపుకు పంపండి. జనరల్ బాడీ రోజున మాత్రం పెళ్లుందని వెళ్లిపోండి. వచ్చే ఏడాది మీరే అడ్మిన్‌గా ఉండమంటే "అబ్బే, నాకెక్కడ తీరికండీ" అనండి. ఇలా చేస్తే, ప్రశ్నించనివ్వకూడదన్న అడ్మిన్ వాదన నిజమేనని మీరే నిరూపించినవారవుతారు.

ఈ చిట్కాలు పాటించే ధైర్యం లేనివారికి

కొందరు పిరికి అడ్మిన్‌లుంటారు. నాలుగే రూల్సు రాసి డిస్క్రిప్షన్‌లో పెడతారు. మెసేజ్ తీసేస్తే కింద ఒక్క వాక్యంలో కారణం రాస్తారు. నిర్ణయాల మీద ప్రశ్నలకు ఆదివారం పది నుంచి పన్నెండు దాకా గ్రూపులోనే టైమిస్తారు. అప్పటిదాకా నిర్ణయం అమల్లో ఉంటుంది. తీసేసిన అడ్మిన్ కాకుండా వేరే బ్లాకు ఆయన దాన్ని మళ్లీ చూస్తారు. తిట్టు ఉంటే తీసేస్తారు, అందులోని ప్రశ్నను మాత్రం ఉంచుతారు. ఇంకొకరి పరువుకో భద్రతకో సంబంధించినదైతే "ఇది బయట చర్చించలేం, ఇద్దరం చూశాం" అని చెప్పి ఊరుకుంటారు. అప్పుడప్పుడూ "నేను పొరబడ్డాను, మీ మెసేజ్ మళ్లీ పెట్టండి" అనాల్సి వస్తుంది. ఆ ఒక్క మాట అనడానికి ఇష్టం లేకనే లోకంలో అడ్మిన్‌లు పై తొమ్మిది చిట్కాలూ పాటిస్తున్నారు.

ఇంకొకరు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్ బాధ్యుడు కాడని మూడు హైకోర్టులు చెప్పాయి. అడ్మిన్ తీసేసిన మెసేజ్‌కు అడ్మినే బాధ్యుడని చెప్పడానికి ఏ కోర్టూ అక్కర్లేదు, నూట ఇరవై ఫోన్లలో ఆయన పేరు రాసే ఉంది. పేరు ఎలాగూ పడింది, పక్కనే కారణం కూడా రాయండి.